ముట్లుడిగాక కళ్ళు ఎండిపోతున్నాయా? హార్మోన్ మాత్ర వాడేవాళ్ళు ఏం చేయాలి, ఎలా చేయాలి

"గర్భసంచి తీసేశారు. హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను. కళ్ళు మండిపోతున్నాయి. మాత్ర వల్లేనా? మానేయమంటారా?"

ఈ మాట నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. శ్రీకాకుళం జిల్లాలో కళ్ళ పరీక్షలు చేసే ఉద్యోగం నాది, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పేదాన్ని, ఇప్పుడు ఒకచోట రాసి పెడుతున్నాను. చదివి, మీకు తగినంత మటుకు చేయండి. మాత్ర విషయంలో మటుకు మీ అంతట మీరు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.

నేను ఇన్నేళ్ళలో చూసిన పెద్ద చిక్కు మందులో లేదు. కళ్ళ డాక్టరు నెలసరి ఎప్పుడు ఆగిందని అడగరు, లేడీ డాక్టరు కళ్ళ గురించి అడగరు. మనం రెండు చోట్లా రెండో సంగతి చెప్పం. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక అప్ప నాతో అంది: "కళ్ళ డాక్టరుతోటి గర్భసంచి మాట సెప్పడమేటమ్మా, సిగ్గుగుండదా?" ఆవిడ మూడేళ్ళు నాలుగు రకాల చుక్కల మందులు వాడింది. ఏ చీటీలోనూ గర్భసంచి ఆపరేషన్ ఊసు లేదు, హార్మోన్ మాత్ర ఊసు లేదు.

మన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ముప్పై అయిదేళ్ళకే తీయించేసుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. వాళ్ళలో అండాశయాలు కూడా తీసేసినవాళ్ళకి ముట్లుడగడంతో వచ్చే ఇబ్బందులన్నీ పదేళ్ళకి పైగా ముందే వస్తాయి. కళ్ళు ఎండడం అందులో ఒకటి.

ముందు తెలుసుకోవలసినది కొంచెమే

కన్నీరంటే ఉత్త నీళ్ళు కాదు. కంటి మీద అంటుకునే జిగురు, దాని మీద నీరు, ఆ నీరు ఆవిరైపోకుండా పైన పలచటి నూనె పొర. ఆ నూనె రెప్పల అంచున, వెంట్రుకల వెనక వరసగా ఉండే సన్నటి గ్రంథుల నుంచి వస్తుంది. ఈ గ్రంథులు బాగా పనిచేయాలంటే ఆండ్రోజన్ అనే హార్మోన్ కావాలి. అది మగవాళ్ళ హార్మోన్ అంటారు గానీ ఆడవాళ్ళ ఒంట్లోనూ కొంత ఉంటుంది, వయసుతో తగ్గుతుంది. అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది.

మరి హార్మోన్ మాత్ర వేసుకుంటే కళ్ళు బాగుపడాలి కదా అని అడుగుతారు. మాత్రలో ఉండేది ఆండ్రోజన్ కాదు, ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ళ హార్మోన్. అమెరికాలో 25,665 మంది ముట్లుడిగిన స్త్రీల మీద చేసిన అధ్యయనం 2001లో అక్కడి వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఏ హార్మోనూ ఎప్పుడూ వాడనివాళ్ళలో నూటికి సుమారు ఆరుగురికి పొడి కళ్ళున్నాయి. ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ అనే మరో ఆడవాళ్ళ హార్మోన్ కూడా వాడినవాళ్ళలో ఏడుగురికి దగ్గర. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్ళలో తొమ్మిదిమంది. వయసూ తక్కిన సంగతులూ లెక్కలోకి తీసుకున్నాక, ఈస్ట్రోజన్ ఒక్కటే వాడేవాళ్ళకి ముప్పు 69 శాతం ఎక్కువని, రెండూ కలిపి వాడేవాళ్ళకి 29 శాతం ఎక్కువని తేల్చారు. వాడకం మూడేళ్ళు పెరిగిన కొద్దీ మరో 15 శాతం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వరు, గర్భసంచి లోపలి పొర పెరిగిపోకుండా ప్రొజెస్టిరాన్ కలిపి ఇస్తారు. గర్భసంచి తీసేసినవాళ్ళకి ఆ అవసరం లేదు, అందుకని ఈస్ట్రోజన్ ఒక్కటే రాస్తారు. అంటే మన దగ్గర మాత్ర వాడేవాళ్ళలో ఎక్కువమంది ఉన్నది ఈస్ట్రోజన్ ఒక్కటే వాడే ఆ గుంపులోనే.

అలాగని భయపడిపోవద్దు. నూటికి తొమ్మిదిమంది అంటే తొంభై ఒక్కమందికి రాలేదనే కదా. పైగా ఆ అధ్యయనం ఎవరెవరికి ఏముందో లెక్కపెట్టింది, మాత్రే కారణమని రుజువు చేయలేదు. కొంతమందికి మాత్ర మొదలుపెట్టాక కళ్ళు తేలికపడ్డాయన్న చిన్న అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి తేల్చుకోవలసింది మీ కళ్ళను చూసుకుని.

దగ్గర పెట్టుకోవలసినవి

- గర్భసంచి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం. అండాశయాలు ఉంచారో తీశారో అందులోనే ఉంటుంది.
- ఇప్పుడు వేసుకునే మందుల అట్టలన్నీ, బీపీ, షుగరు, నిద్ర, దురద మాత్రలతో సహా. ఖాళీ అట్టలైనా సరే.
- సెకన్ల ముల్లున్న గడియారం, ఒక అద్దం.
- ఉతికిన పాత నూలు గుడ్డ ముక్కలు నాలుగు (పాత పంచె అయితే మరీ మంచిది), ఒక గిన్నె, వేడినీళ్ళ ఫ్లాస్కు.
- పిల్లల నోటుబుక్కు ఒకటి, పెన్ను.

డిశ్చార్జి కాగితం పోయిందా? ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో అడిగితే కొన్నిచోట్ల పాత రికార్డు నుంచి తీసిస్తారు. దొరకకపోతే అల్ట్రాసౌండ్‌లో కూడా అండాశయాలున్నాయో లేదో చాలామటుకు తెలుస్తుంది.

1. అది పొడి కళ్ళేనా, చూసుకోండి

ఇసుక పోసినట్టు గరగర, మంట, సాయంత్రానికి రెప్పలు బరువెక్కడం, ఎదురుగాలికి నీళ్ళు కారడం ఉంటే పొడి కళ్ళని అనుమానించాలి. నీళ్ళు కారడం దగ్గరే అందరూ తికమకపడతారు. "ఏటి పిల్లా, కళ్ళెండిపోనాయంటన్నావు, మరీ నీళ్ళేటి కారిపోతన్నాయి?" అని మా పెద్దమ్మే నన్ను అడిగింది. పైనున్న నూనె పొర చెడి కన్ను ఎండితే, మంట పుట్టి కన్ను ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. నూనె లేని ఆ నీరు కంట్లో నిలవక చెంప మీదికి జారిపోతుంది. కన్ను మళ్ళీ ఎండుతుంది.

ఇంట్లో ఒక పరీక్ష: ఫ్యాను ఆపేసి గడియారం ఎదుట కూర్చోండి. రెండు మూడుసార్లు రెప్పలు బాగా ఆర్పి, తర్వాత మామూలుగా కళ్ళు తెరిచి, ఆర్పకుండా సెకన్లు లెక్కపెట్టండి. చురుక్కుమని ఇక ఆర్పకుండా ఉండలేను అనిపించిన చోట ఆగండి. మూడుసార్లు చేసి మధ్య అంకె పుస్తకంలో రాయండి. పది కంటే తక్కువ వస్తే అనుమానం గట్టిదే. ఇది రోగం తేల్చే పరీక్ష కాదు గానీ, తర్వాత పోల్చుకోవడానికి చాలా పనికొస్తుంది.

వేరే జబ్బు అయ్యుండొచ్చని చెప్పే గుర్తులు: మంటకంటే దురదే ఎక్కువైతే ఎలర్జీ. పసుపురంగు పుసులు కట్టి పొద్దున్న రెప్పలు అతుక్కుపోతే ఇన్ఫెక్షన్. మసక ఉండి, రెప్పలార్పితే ఒక్క క్షణం తేటపడితే పొడి కన్ను. ఎంత ఆర్పినా తేటపడకపోతే శుక్లమో, అద్దాల పవరో, లోపలి పొర జబ్బో చూడాలి.

శుక్లం ఆపరేషన్‌కి పేరు రాయించుకున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. లోపల పెట్టే లెన్సు పవరు కొలిచేటప్పుడు కన్ను ఎండిపోయి ఉంటే కొలత తప్పొచ్చు, ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు పొడితనం పెరుగుతుంది కూడా. కొలతకి ముందే "నాకు కళ్ళు ఎండుతున్నాయి" అని చెప్పండి. ఉచిత శిబిరంలో అయినా సరే, లైనులో ఉన్నామని మొహమాటపడకండి.

2. మందుల అట్టలన్నీ పరిచి చూడండి

హార్మోన్ మాత్ర ఏదో చాలామందికి తెలియదు. "లేడీ డాక్టరు రాసిన మాత్ర" అని కాల్షియం అట్ట తెస్తారు. అట్ట వెనక ఈస్ట్రాడయోల్ అనో, కాంజుగేటెడ్ ఈస్ట్రోజన్ అనో ఉంటే అది ఈస్ట్రోజన్. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్, డైడ్రోజెస్టిరాన్, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ అని ఉంటే ప్రొజెస్టిరాన్ జాతి. టిబొలోన్ అనేది మరో రకం. చర్మానికి రాసే జెల్, అంటించుకునే పట్టీ కూడా హార్మోన్ మందులే, అవీ రాసుకోండి.

హార్మోన్ మాత్ర మీద నేరం మోపే ముందు తక్కినవి చూడండి. జలుబుకీ దురదకీ వేసుకునే సెట్రిజిన్ లాంటివి, నిద్రకీ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి ఇచ్చే మూత్రం మాత్రలు, గ్లకోమా చుక్కలు, ఇవన్నీ కళ్ళు ఎండబెట్టగలవు. దద్దుర్లకని రోజూ సెట్రిజిన్ వేసుకుంటూ ఆ సంగతే మరచిపోయినవాళ్ళు నా దగ్గరికి ఎందరో వచ్చారు. రొమ్ము క్యాన్సర్ తర్వాత ఇచ్చే లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ కూడా ఎండబెడతాయి. అవి ఈస్ట్రోజన్‌ని తగ్గించే మందులు. అవి వాడేవాళ్ళు ఎవరో చెప్పారని హార్మోన్ మాత్ర మొదలుపెట్టకూడదు.

షుగరు, థైరాయిడ్, కీళ్ళవాతం ఉంటే అదీ రాయండి. కళ్ళతోపాటు నోరు కూడా ఎండిపోయి, నీళ్ళు లేనిదే ముద్ద దిగకపోతే, కీళ్ళు నొప్పిగా ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. షోగ్రెన్స్ అనే జబ్బు ఇలాగే ఉంటుంది, ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళకే వస్తుంది. దానికి రక్తపరీక్షలు వేరే ఉంటాయి.

3. హార్మోన్ మాత్ర సంగతి: ఉంచాలా, మార్చాలా, మానాలా

ఇది మీరూ లేడీ డాక్టరూ కలిసి తేల్చుకోవలసింది. మీరు ఏ వరసలో ఉన్నారో చూసుకుని అడగండి.

*నలభై అయిదు లోపే అండాశయాలు తీసేసినవాళ్ళు, లేదా నెలసరి ఆగిపోయినవాళ్ళు.* మీకు ఆ మాత్ర ఎముకలకీ గుండెకీ రక్షణ. మామూలుగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా వాడమని సాధారణంగా చెప్తారు. మన దేశంలో ఆ వయసు సగటున 46-47. కళ్ళ మంట కోసం దీన్ని సొంతంగా మానేయడం పెద్ద తప్పు. మాత్ర ఉంచి కంటికి వైద్యం చేయించుకోవాలి.

*వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి కోసం వాడుతున్నవాళ్ళు.* మాత్ర మొదలుపెట్టిన తేదీ, కళ్ళు మొదలైన తేదీ పక్కపక్కన రాయండి. మాత్ర మొదలైన కొద్దినెలలకే కళ్ళు మొదలైతే, మోతాదు తగ్గించవచ్చా, రకం మార్చవచ్చా, జెల్ రూపంలో తీసుకోవచ్చా అని అడగండి. కళ్ళ బాధ మాత్రకంటే ముందునుంచీ ఉంటే మాత్ర మార్చినా పెద్ద తేడా ఉండకపోవచ్చు.

*ఇంకా మాత్ర మొదలుపెట్టనివాళ్ళు, "కళ్ళు బాగుపడతాయట, రాయించుకుంటాను" అనేవాళ్ళు.* వద్దు. పొడి కళ్ళ కోసం హార్మోన్ మాత్ర మొదలుపెట్టే పద్ధతి లేదు. రొమ్ము క్యాన్సర్, కాళ్ళలో రక్తం గడ్డ, పక్షవాతం, గుండెపోటు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళకి మాత్ర ప్రమాదం. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న వాళ్ళు ఎందరో ఉన్నారు. మీ క్రియాటినిన్ రిపోర్టు (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించకుండా ఏ కొత్త మాత్రా రాయించుకోకండి.

*మంట, పొడిదనం యోని భాగంలో ఉందని అక్కడ హార్మోన్ క్రీము మాత్రమే రాసుకుంటున్నవాళ్ళు.* ఆ క్రీము ఒంట్లోకి వెళ్ళేది బాగా తక్కువ. దాన్ని కళ్ళతో ముడిపెట్టి మానకండి.

మాత్ర వేసుకునే ఎవరికైనా ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఆయాసం, గుండెల్లో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడినా, రొమ్ములో గడ్డ తగిలినా వాయిదా వేయకండి.

4. వేడి కాపడం

అన్ని మెట్లలోకీ ఎక్కువ మేలు చేసేది ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. డబ్బు ఖర్చు లేదు కాబట్టి దీన్ని లెక్కచేయరు.

పుష్యమాసం చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం చూశారు కదా. సీసా తలకిందులు చేసినా చుక్క రాదు. కాసేపు ఎండలో పెడితే అదే కరిగి ధారగా వస్తుంది. రెప్పల గ్రంథుల్లో నూనె సంగతీ అంతే. మైక్రోస్కోపు కింద రెప్ప అంచు మెల్లగా నొక్కి చూస్తాం. బాగున్న కంట్లో తేటగా, చిన్న బిందువుల్లా నూనె వస్తుంది. ఎండిన కంట్లో తెల్లగా, ట్యూబులోంచి పళ్ళపేస్టు వచ్చినట్టు వస్తుంది, కొన్ని రంధ్రాల్లోంచి ఏమీ రాదు. ఆ పేస్టుని కరిగించడమే కాపడం పని.

ఇలా చేయండి:

క) చేతులు సబ్బుతో కడుక్కోండి. కాటుక ఉంటే తుడిచేయండి.

ఖ) గిన్నెలో వేడినీళ్ళు పోసి, చేయి పెడితే వెచ్చగా ఉండి ఓర్చుకోగలిగేంత వేడి ఉంచండి. ఫ్లాస్కులో ఇంకొన్ని నీళ్ళు సిద్ధంగా ఉండాలి.

గ) గుడ్డ ముంచి పిండి, మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోండి. చురుక్కుమంటే ఆగండి, రెప్ప చర్మం అంతకంటే పలచన.

ఘ) వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని రెండు రెప్పల మీదా వేయండి. గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, చల్లారగానే మార్చండి. మొత్తం ఎనిమిది పది నిమిషాలు ఉంచాలి. ఒకే గుడ్డని పది నిమిషాలు వదిలేస్తే కాపినట్టు కాదు, చల్లటి తడిగుడ్డ వేసుకున్నట్టే.

చ) వెంటనే, రెప్ప ఇంకా వెచ్చగా ఉండగానే, వేలి మెత్తతో పై రెప్పని కనుబొమ వైపు నుంచి వెంట్రుకల వైపు కిందికి, కింది రెప్పని చెంప వైపు నుంచి పైకి, అయిదారుసార్లు మెల్లగా జారనివ్వండి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

ఛ) కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డతో వెంట్రుకల మొదలు తుడవండి. ఒక్కో కంటికి ఒక్కో గుడ్డ.

నీళ్ళ పని కుదరకపోతే, నూలు గుడ్డలో పిడికెడు బియ్యం మూటకట్టి పెనం మీద సన్నసెగన వెచ్చచేసి వాడొచ్చు. ఇది ఎక్కువసేపు వేడి నిలుపుతుంది. కాలే ప్రమాదమూ ఎక్కువే, మణికట్టు మీద చూడకుండా కంటికి తగిలించవద్దు.

మొదటి నెల రోజుకి రెండుసార్లు, తర్వాత రోజూ ఒకసారి. వారం చేసి "ఏమీ లేదు" అని వదిలేయకండి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కంటి ఆపరేషన్ ఈ మధ్యే అయినవాళ్ళు, కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా కాపడం పెట్టకూడదు.

5. చుక్కల మందు

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం, లేదా సోడియం హయలురొనేట్, ఈ రెండిట్లో ఒకటి ఎక్కువగా రాస్తారు. ఇవి కన్నీటికి బదులు పోసేవి, అలవాటు పడిపోయే మందులు కావు. జనౌషధి దుకాణంలో చౌకగా దొరుకుతాయేమో అడిగి చూడండి.

తల వెనక్కి వంచి, కింది రెప్పని కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. అందులో ఒక్క చుక్క. సీసా మూతి కంటికీ వెంట్రుకలకీ తగలకూడదు. కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూల మీద వేలు ఆనించి ఒకటి రెండు నిమిషాలు ఉండండి. రెండో మందు ఉంటే అయిదు నిమిషాలు ఆగి వేయాలి. వరసగా మూడు చుక్కలు వేస్తే రెండు చెంప మీదికే పోతాయి.

రోజుకి నాలుగుసార్లు మించి అవసరమైతే నిల్వ ఉంచే రసాయనం కలపని చుక్కలు కావాలని అడగండి. మామూలు సీసాల్లో ఎక్కువగా ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ పదేపదే పడితే అదే కంటి పై పొరని దెబ్బతీయగలదు. మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాసి, నెల దాటితే పారేయండి. పడుకునే ముందు వేసే జెల్ చూపుని మసక చేస్తుంది, పక్క మీదికి చేరాకే వేసుకోండి.

మందుల షాపులో "కళ్ళ మంటకి ఏదైనా ఇవ్వు" అని అడగకండి. ఇచ్చినదాని మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్ అనే మాట ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, అందుకే మళ్ళీ అదే కొంటారు. డాక్టరు చూడకుండా నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి చూపు తిరిగి రాకుండా పోవచ్చు, శుక్లం త్వరగా రావచ్చు. నాఫజోలిన్ ఉన్న చుక్కలు ఎరుపు మటుకు తగ్గిస్తాయి, పొడిని కాదు.

నందివర్ధనం పువ్వు మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే నేనేమీ అనను. దాని రసం, తేనె, ఆముదం, చనుబాలు కంట్లో పోయొద్దు. వాటితోపాటు క్రిములు కంట్లోకి చేరతాయి, ఎండిన కన్ను వాటిని తట్టుకోలేదు.

6. ఇల్లు, పని, గాలి

ఒంట్లో ఆవిర్లు వచ్చి చెమట పట్టేవాళ్ళు రాత్రి టేబుల్ ఫ్యాను మొహానికి తిప్పుకుని పడుకుంటారు. పొద్దున్న లేవగానే కళ్ళు గరగరలాడితే మొదట అనుమానించవలసింది మాత్రని కాదు, ఆ ఫ్యానుని. కాళ్ళ వైపు నుంచి గాలి వచ్చేలా తిప్పండి. మా ఇంట్లో మా అమ్మకి ఈ ఒక్క మార్పుతో పొద్దుటి మంట సగం తగ్గింది.

కట్టెల పొయ్యి, ఊదురుగొట్టం తప్పనిచోట పొయ్యికి గాలి వచ్చే వైపు పీట వేసుకుని కూర్చుని ఊదండి. బండి వెనక కూర్చునేవాళ్ళు కూడా అద్దమున్న హెల్మెట్ పెట్టుకోండి. నూర్పిళ్ళప్పుడు, ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పక్కలు మూసిన ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోవాలి.

పలాస వైపు జీడిపప్పు పనికి వెళ్ళే అప్పలకి రెండు మాటలు. పప్పు మీద పొట్టు తీస్తూ గంటల తరబడి ఒకే చోట చూస్తే రెప్పలార్పడం మరచిపోతాం. మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవైసార్లు ఆర్పుతాం, చూపు నిలిపే పనిలో అది సగానికి పడిపోతుంది. ఒక గిన్నె నిండినప్పుడల్లా కళ్ళు పూర్తిగా మూసి, రెండు అంకెలు లెక్కపెట్టి, తెరవండి. అలా పదిసార్లు. రెండో మాట, జీడి గింజ నూనె చేతి చర్మాన్నే పొక్కిస్తుంది, ఆ చేత్తో కన్ను నలపకండి. కంట్లో పడితే వెంటనే పావుగంటైనా ధారగా మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. ఫోను చూసేవాళ్ళకీ మొదటి మాటే వర్తిస్తుంది.

కాటుక రెప్ప లోపలి అంచుకి పెట్టకండి, సరిగ్గా అక్కడే నూనె రంధ్రాలున్నాయి.

చేపనూనె గుళికలు కొనమంటారా అని అడుగుతారు. అమెరికాలో 535 మంది మీద ఏడాది పాటు పరీక్షించి, ఫలితం 2018లో ప్రకటించారు. రోజుకి మూడు గ్రాముల ఒమేగా-3 మింగినవాళ్ళకీ, ఆలివ్ నూనె గుళికలు మింగినవాళ్ళకీ తేడా రాలేదు. ఆ డబ్బుతో కవ్వలు, కానాగంతలు కొని పులుసు పెట్టుకోండి, ఒంటికి మంచిది.

7. ఆసుపత్రిలో ఏం అడగాలి

ఆరు వారాలు పై పనులన్నీ చేసినా తగ్గకపోతే కళ్ళ డాక్టరుకి చూపించండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. అక్కడ నుంచి పంపితే విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి.

కింది రెప్ప బయటి మూల దగ్గర చిన్న కాగితం పట్టీ తగిలించి అయిదు నిమిషాలు ఉంచుతాం. నొప్పి ఉండదు, కొంచెం చిరాకుగా ఉంటుంది. పట్టీ మీద తడి పాకిన దూరం పది మిల్లీమీటర్ల కంటే తక్కువైతే నీరు చాలడం లేదని, అయిదు లోపైతే బాగా ఎండిందని అర్థం. రెండోది, పసుపు రంగు వేసి నీలి వెలుతురులో చూస్తూ కన్నీటి పొర ఎన్ని సెకన్లకి చిట్లుతుందో లెక్కపెడతాం. ఈ రెండు అంకెలూ అడిగి మీ పుస్తకంలో రాయించుకోండి. పట్టీ బాగానే తడిసి, పొర మటుకు మూడు నాలుగు సెకన్లకే చిట్లితే లోపం నూనెలో ఉంది. అప్పుడు చుక్కలకంటే కాపడమే ముఖ్యం.

కంటి వాపుని తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాస్తే మొదట్లో మండుతాయి, గుణం కనబడడానికి నెలలు పడుతుంది. మండుతోందని వారానికే ఆపేసినవాళ్ళే ఎక్కువ. కన్నీరు బయటికి పోయే రంధ్రానికి బిరడా పెట్టడం మరో మార్గం, అది ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి.

గుణం ఉందో లేదో ఎలా చూసుకోవాలి

ఆదివారం సాయంత్రం, అదే కుర్చీలో, అదే టైముకి మూడు అంకెలు రాయండి: బాధ సున్నా నుంచి పదిలో ఎంత, రెప్పార్పకుండా ఎన్ని సెకన్లు, ఆ రోజు చుక్కలు ఎన్నిసార్లు. ఒక వారం పెరిగి ఒక వారం తగ్గుతాయి, వాటిని పట్టించుకోకండి. మొదటి వారాన్ని ఆరో వారంతో, ఆరోదాన్ని పన్నెండో వారంతో పోల్చండి. బాధ రెండు మూడు అంకెలు తగ్గి, సెకన్లు పెరిగితే దారిలో ఉన్నట్టే, అదే కొనసాగించండి.

ఒకేసారి అన్నీ మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. డాక్టరు హార్మోన్ మాత్ర మార్చిన నెలలో చుక్కల మందు కూడా మార్చకండి. మాత్ర మార్పు ఫలితం చూడాలంటే మూడు నెలలు ఇవ్వాలి.

ఆగకుండా వెళ్ళవలసినవి

ఒక్క కన్నే ఎర్రబడి బాగా నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే కళ్ళ డాక్టరు దగ్గరికి. వరికోతల్లో కంట్లో ఆకో గింజో గీసుకుంటే మరీ త్వరపడాలి. బూజు క్రిమి పుండు వేగంగా లోపలికి పాకుతుంది, స్టెరాయిడ్ చుక్క పడితే ఇంకా వేగంగా.

డాక్టర్లిద్దరికీ చూపించే చీటీ

నోరు తెరిచి చెప్పడానికి సిగ్గనిపిస్తే ఇది చూసి రాసుకుని చేతికివ్వండి. రెండు కాపీలు, ఒకటి కళ్ళ డాక్టరుకి, ఒకటి లేడీ డాక్టరుకి. రాయడం రాకపోతే మీ ఊరి ఆశా కార్యకర్త చేత రాయించుకోండి.

"వయసు 48. గర్భసంచి ఆపరేషన్ 39వ ఏట. అండాశయాలు: రెండూ తీశారు. హార్మోన్ మాత్ర: ఈస్ట్రాడయోల్ ఒక్కటే, మొదలు నాలుగేళ్ళ కిందట. కళ్ళ మంట మొదలు రెండేళ్ళ కిందట. వేరే మందులు: బీపీ మాత్ర, సెట్రిజిన్ రోజూ. నోరు ఎండడం: లేదు. రెప్పార్పకుండా: 6 సెకన్లు. కాపడం: 6 వారాలుగా. నా ప్రశ్న: ఈ మాత్ర ఉంచుతూ కళ్ళకి ఏం చేయాలి? సెట్రిజిన్ ఆపవచ్చా?"

మీ అంకెలు మీవి వేసుకోండి. చివర ప్రశ్న తప్పకుండా రాయండి. ప్రశ్న రాసి ఉంటే డాక్టరు దానికి జవాబు రాసే ఇస్తారు.